తెలుగులో జాజ్, బ్లూస్ ఛాయలున్న నెమ్మది పాటల ఆల్బమ్ ఇంట్లో చేసుకోవచ్చా?

ప్రశ్న క్లుప్తంగా: మాది రాజోలు దగ్గర. గిటార్ వాయిస్తూ నేనే రాసి పాడుకునే పాటలు తొమ్మిది ఉన్నాయి. అమెరికన్ గాయని నోరా జోన్స్ మొదటి ఆల్బమ్ "కమ్ అవే విత్ మీ"లా మెత్తగా, కొంచెం జాజ్, కొంచెం బ్లూస్ తగిలేలా నా మొదటి ఆల్బమ్ ఉండాలని కోరిక. ఒక స్టూడియోలో రెండు పాటలు చేయిస్తే సినిమా పాటల్లా తయారయ్యాయి. అసలు తెలుగుకి ఈ పద్ధతి నప్పుతుందా? ఇంట్లోనే చేసుకోవచ్చా?

నప్పుతుందమ్మా. ఇంట్లో చేసుకోవచ్చు కూడా. నేను పాలకొల్లులో పాతికేళ్లుగా బేస్ గిటార్ వాయిస్తున్నాను. పెళ్లి ఆర్కెస్ట్రాలు, చర్చి కూటాలు, ఈమధ్య పదేళ్లుగా ఇంట్లోనే ఒక గదిలో రికార్డింగులు. మీరు ఫోన్‌లో పాడి పెట్టిన తొమ్మిది పాటలూ విన్నాను, అందులో ఆ రెండూ రెండు రకాలుగానూ, స్టూడియోలో చేసినవీ, ఫోన్‌లో పాడుకున్నవీ. ఫోన్‌లోవే బాగున్నాయి. ముచ్చటకి అనడం లేదు, కారణాలున్నాయి. స్టూడియోలో మీ శ్రుతి పెంచారు. మొదటి నుంచీ చివరిదాకా వెనక స్ట్రింగ్స్ ప్యాడ్ పరిచేశారు. గొంతు మీద గుడి మంటపంలో పాడినంత రీవర్బ్ (ప్రతిధ్వని) పోశారు. ఆ పైన పిచ్ కరెక్షన్, అంటే స్వరాన్ని సాఫ్ట్‌వేర్‌తో సరిదిద్దడం. ఇవన్నీ అయ్యాక ఎవరి పాటైనా ఒకేలా ఉంటుంది.

ఆ తప్పు నేనూ చేశాను కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నాను. 2009లో నా పాటలు ఏడు రికార్డు చేశాను. ఖాళీ అంటే భయం. ఎక్కడ రెండు క్షణాలు నిశ్శబ్దం ఉంటే అక్కడ ఫ్లూటో, వయొలినో దూర్చాను. మా ఆవిడ విని, "బానే ఉంది గానీ మీరెక్కడున్నారు ఇందులో?" అంది. ఆ ఏడు పాటలూ ఇప్పటికీ హార్డ్ డిస్క్‌లోనే ఉన్నాయి.

మీరు చెప్పిన ఆల్బమ్ సంగతే చూడండి. 2002 ఫిబ్రవరిలో బ్లూ నోట్ అనే జాజ్ కంపెనీ నుంచి వచ్చింది. అప్పటికి ఆమెకి 22 ఏళ్లు. 2003 గ్రామీల్లో ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ దానికే. రవిశంకర్ కూతురు కదా, ఎక్కడో సితార్ ఉంటుందని వెతక్కండి, ఒక్క తీగ కూడా మోగదు. ఆమె పెరిగింది అమ్మ దగ్గర టెక్సస్‌లో, చదువుకున్నది జాజ్ పియానో. మనకి పనికొచ్చే ముక్క ఇంకొకటి ఉంది. కంపెనీ వాళ్లు ముందు డెమోలు (నమూనా రికార్డింగులు) తీశారు, తర్వాత పెద్ద స్టూడియోలో వేరే నిర్మాతతో మళ్లీ చేయించారు. అది దారి తప్పినట్టనిపించి, ఆరిఫ్ మార్డిన్ అనే పెద్ద నిర్మాతని పిలిపించారు. చివరికి జనం నోట పడిన "డోంట్ నో వై" పాట ఆ మొదటి డెమోల నుంచి వచ్చిందే. ఆయన గొప్పతనం అంతా దాన్ని చెడగొట్టకుండా వదిలేయడంలో ఉంది.

ఇంకో సంగతి. అందులో 14 పాటలుంటే ఆమె సొంతంగా రాసుకున్నవి తక్కువ. ఆ పేరు మోసిన పాట జెస్సీ హారిస్ రాసింది. కొన్ని బేస్ వాయించిన లీ అలెగ్జాండర్ రాశాడు. హ్యాంక్ విలియమ్స్ పాత కంట్రీ పాట ఒకటి, హోగీ కార్మైకేల్ పాత పాట ఒకటి కూడా ఉన్నాయి. అయినా అన్నీ ఒక మనిషి పక్కన కూర్చుని చెప్పినట్టుంటాయి. ఎవరు రాసినా గొంతు ఒకే ఎత్తులో, ఒకే దూరంలో ఉండటమే దానికి కారణం. మీ తొమ్మిది పాటలకీ అదే కావాలి. మెత్తదనం రికార్డింగ్ అయ్యాక పూసేది కాదు. శ్రుతి, మాటలు, వాయించేవాళ్లు, ఈ మూడూ మైక్ ఆన్ చేయకముందే తేలిపోవాలి.

ముందు శ్రుతి. మన దగ్గర ఆడపిల్ల పాడుతుందంటే ఐదో, ఐదున్నరో అని రాసి పెట్టినట్టు అడుగుతారు. కచేరీకి అది సరే. దానికి తోడు సినిమా పాటలు పాడి పాడి పై స్థాయి తాకితేనే పాడినట్టు అనుకునే అలవాటైపోయింది. మీరు ఇలా చేయండి. పొద్దున్నే కాఫీ తాగకముందు పల్లవి మొదటి పంక్తిని మాటలా చెప్పండి, పాడొద్దు. ఆ మాట ఏ ఎత్తులో పలికిందో గిటార్ మీద పట్టుకోండి. అక్కడి నుంచి అర శ్రుతి చొప్పున దించుకుంటూ పాడండి. కింది స్వరాలు గాలిలా మారి అక్షరం వినపడకుండా పోయే చోట ఆగి, ఒక్క మెట్టు పైకి రండి. అదే మీ శ్రుతి. ఒక్కో పాటకి ఒక్కోటి రావచ్చు. గిటార్ మీద చేతికి రాకపోతే కాపో (మెడ మీద తీగలన్నిటినీ నొక్కే క్లిప్) పెట్టుకోండి, లేదా తీగలన్నీ అర శ్రుతి దించి కట్టుకోండి. తీగ బిగువు తగ్గితే ధ్వని కూడా కొంచెం మెత్తబడుతుంది, అది మీకు లాభమే.

ఇక మాటలు. ఈ సంగతి ఎవరూ మాట్లాడరు గానీ నాకు ఇదే ముఖ్యం. తెలుగు పదాలు అచ్చులతో ముగుస్తాయి, అందుకని పాటకి బాగుంటుంది అంటారు. నిజమే. కానీ మన వాక్యంలో క్రియ చివరికొస్తుంది. నెమ్మది పాటలో పంక్తి చివరి అక్షరాన్నే సాగదీస్తాం. అంటే సాగేది ఎప్పుడూ "వచ్చింది", "పోయాడు", "ఉన్నాను"ల తోకే. "-ంది" మీద నాలుగు మాత్రలు నిలబడితే దోమ పాడినట్టుంటుంది. మీ నాలుగో పాటలో ఎనిమిది పంక్తుల్లో ఆరు అలాగే ముగిశాయి, లెక్క పెట్టాను. పంక్తిని తిప్పి రాయండి. పేరు మీదో, పిలుపు మీదో, "గోదారీ", "వానా", "రావా" లాంటి దీర్ఘం మీదో ఆగేలా చూడండి. ద్విత్వాలు, "ళ్ల", "ట్ట", "ప్ప" లాంటివి, తాళం మీద పడితే డప్పు దెబ్బలా బాగుంటాయి. సాగాల్సిన చోట పడితే గొంతు పట్టేస్తుంది. "ప్రియతమా", "హృదయమా"లు తీసేయండి. మీ ఏడో పాటలో "దొడ్డి గుమ్మం గెడ" అని ఒక మాట వచ్చింది చూశారా, వెంటనే నాకు ఇల్లు కనపడింది.

బ్లూస్ సంగతికి వద్దాం. దాని అసలు కట్టు చాలా చిన్నది, పన్నెండు బార్లు, ఒక్కో బారు నాలుగు మాత్రలు. షడ్జమం మీద కార్డ్ (కలిసి మోగే స్వరాల గుత్తి) నాలుగు బార్లు, మధ్యమం మీద రెండు, మళ్లీ షడ్జమం రెండు, పంచమం ఒకటి, మధ్యమం ఒకటి, షడ్జమం రెండు. అన్నిటికీ పైన సెవెంత్ (కార్డ్ మూలం నుంచి ఏడో స్వరం) కలిపితే ఆ పులుపు వస్తుంది. సాహిత్యం కూడా అలాగే: ఒక మాట చెప్తాడు, అదే మాట మళ్లీ చెప్తాడు, మూడో పంక్తిలో దానికి జవాబు. తెలుగులో ఎలా ఉంటుందో చూపడానికి ఇప్పుడే ఒకటి అల్లాను, నర్సాపురం సఖినేటిపల్లి రేవు, అక్కడ గోదారి దాటించే పంటు గుర్తొచ్చి:

ఆఖరి పంటు వెళ్లిపోయె, నన్ను పిలవలేదే రేవా
ఆఖరి పంటు వెళ్లిపోయె, నన్ను పిలవలేదే రేవా
టిక్కెట్టింకా జేబులోనే, తడిసిపోయె వానా

కవిత్వమని కాదు, కొలత కోసం. రెండోసారి అదే పంక్తి పాడేటప్పుడు కార్డ్ మారుతుంది, అందుకే అదే మాటకి ఇంకో అర్థం వచ్చినట్టుంటుంది. అదీ అందులో కిటుకు.

స్వరాల మాటకొస్తే మీరు చిన్నప్పుడు నాలుగేళ్లు సంగీతం నేర్చుకున్నానన్నారు కాబట్టి సులువు. శుద్ధ ధన్యాసి స్వరాలే వాళ్ల మైనర్ పెంటటోనిక్: స, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశికి నిషాదం. దానికి ప్రతి మధ్యమం ఒకటి దాటిపోయే స్వరంగా కలిపితే బ్లూస్ స్కేలు. ఇక వాళ్లు బ్లూ నోట్ అనే గాంధారం సాధారణానికీ అంతరానికీ మధ్య ఎక్కడో ఉంటుంది. కీబోర్డు మీద ఆ మెట్టే లేదు. మన చెవికి అది కొత్త కాదు, గమకాల్లో రోజూ అలాంటి చోట్ల తిరుగుతాం. జాగ్రత్త ఒక్కటే: ఊపొద్దు. కింద నుంచి ఒక్కసారి జారి అక్కడ ఆగాలి. కంపితం వేశారంటే కచేరీ అయిపోతుంది. స్వింగ్ కూడా అంతే, తిశ్ర గతి తెలిసిన వాళ్లకి రెండు నిమిషాల పని. "తకిట తకిట" అనుకుంటూ మధ్య "కి" మింగేయండి. మిగిలేది "త-ట త-ట", అదే షఫుల్. నెమ్మది పాటలో ఆ "ట"ని కొంచెం బద్ధకంగా వేయాలి, గంజి వార్చే వాడి చేతిలా.

మీరు రాసిన "మన డెల్టా కూడా డెల్టాయే కదా, బ్లూస్ మనకీ పుట్టుకతో రావాలి" అన్న మాట చదివి నవ్వుకున్నాను. నేనూ కుర్రతనంలో అన్నాను ఆ మాట. బ్లూస్ వాళ్ల మిసిసిపీ డెల్టా అసలు నది సముద్రంలో కలిసే చోటు కాదు. ఆ రాష్ట్రం వాయవ్య మూలన మిసిసిపీ, యాజూ నదుల మధ్య ఉన్న ఒండ్రు నేల. అక్కడ పత్తి, ఇక్కడ 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన కాటన్ దొర. పోలిక అంతవరకే. వాళ్ల పాట బానిసత్వం, ఆ తర్వాతి కౌలు అప్పుల్లోంచి వచ్చింది. ఆ బాధని అరువు తెచ్చుకోనక్కర్లేదు. మన రేవులకీ లాకులకీ వాటి దిగులు వాటికుంది.

తెలుగులో ఇలాంటిది ముందు లేదా అన్నారు. సొంతంగా రాసి, కట్టి, పాడేవాళ్లకి మన దగ్గర పేరే ఉంది కదా, వాగ్గేయకారులని. విళంబంలో నడిచే క్షేత్రయ్య పదం వినండి, ఒక్క మాటని ఎన్నిసార్లు తిప్పి చూస్తారో. దగ్గరి కాలంలో అయితే రేడియో లలిత సంగీతం. మద్రాసు రేడియోలో, ఆ తర్వాత 1948లో మొదలైన విజయవాడ కేంద్రంలో మైక్‌కి దగ్గరగా, గొంతు పెంచకుండా పాడటం మన వాళ్లకి అలవాటైంది. ఆ తోవ వేసినవాళ్లలో బాలాంత్రపు రజనీకాంతరావు గారు మన నిడదవోలు మనిషే, ఆయనే రాసి ఆయనే స్వరం కట్టేవారు. నోరా జోన్స్‌ని ఎంత విన్నారో లలిత గీతాల్ని కూడా అంత వినండి. మీ పాట ఆ రెండిటి మధ్య ఎక్కడో ఉంది.

వాయించేవాళ్లు ఎక్కడ దొరుకుతారని మీ టెన్షన్. రాజోలు, నర్సాపురం, పాలకొల్లు, భీమవరం, ఎటు వెళ్లినా చర్చిలున్నాయి. ప్రతి చర్చిలో ఒక కీబోర్డు కుర్రాడున్నాడు. వీళ్లకి కార్డులు వేళ్ల చివర ఉంటాయి. పాస్టర్ గారు ఏ శ్రుతిలో అందుకుంటే ఆ శ్రుతిలోకి దూకగలరు. సెవెంత్‌లు, సస్పెండెడ్‌లు పేర్లు తెలియకుండానే వేస్తారు. చిక్కల్లా పదిమందిని పాడించే అలవాటు వల్ల పది వేళ్లూ వాడతారు. మొదటి రోజే చెప్పండి: స్టైల్స్ (కీబోర్డు తనంతట తానే వాయించే తాళాలు) ఆపేయాలి, ఎడమ చేయి జేబులో పెట్టుకోవాలి, కుడి చేత్తో మూడు స్వరాలకి మించొద్దు, మీరు పాడుతుండగా కొత్త సంగతి వేయొద్దు, పంక్తి అయ్యాక జవాబివ్వాలి. మొదట ఉక్కిరిబిక్కిరవుతాడు. మూడో రోజుకి అతనికే నచ్చుతుంది.

ఎడమ చేయి ఖాళీ చేశాం కాబట్టి కింద బేస్ ఉండాలి. నిలువు డబుల్ బేస్ కోసం వెతికి ఈ చుట్టుపక్కల నేను అలిసిపోయాను. మామూలు బేస్ గిటార్‌కి బ్రిడ్జి దగ్గర తీగల కింద స్పాంజి ముక్క దూర్చి, బొటనవేలితో మీటండి. వీలైతే ఫ్లాట్‌వౌండ్ (పైన నున్నగా చుట్టిన) తీగలు వేయించండి. మోత చచ్చి "దుమ్, దుమ్" అని గుండ్రంగా వస్తుంది, డబుల్ బేస్‌కి చుట్టమవుతుంది. డ్రమ్స్‌కి బ్రష్షులు లేకపోతే కొబ్బరి ఈనెలు పది పన్నెండు దారంతో కట్టి స్నేర్ డ్రమ్ మీద గరుకు కాగితం పరిచి రుద్దించండి. నవ్వకండి, మూడు పాటల్లో వాడాను, విన్నవాళ్లెవరూ కనిపెట్టలేదు. కోనసీమలో ఈనెలకి కరువా?

గది. డెల్టాలో రాత్రి నిశ్శబ్దం అనేది పుస్తకాల్లో మాట. చేపల, రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ పడిపోయేది రాత్రే కాబట్టి నీళ్లకి గాలి అందించే ఏరేటర్లు రాత్రంతా తిరుగుతాయి. అర కిలోమీటరు అవతల ఉన్నా కండెన్సర్ మైక్ పట్టేస్తుంది. వానాకాలం అయితే కప్పలు సరేసరి. నా అనుభవంలో మంచి వేళ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు, ఊరు కునుకు తీసేటప్పుడు. ఫ్యాన్ ఆపాలి, చెమట్లు కారతాయి, ఒక్కో టేక్ మధ్య బయటికి వచ్చి మజ్జిగ తాగండి. ఇంటి మధ్య గది, బట్టల బీరువా తలుపులు తీసి, దోమతెర కర్రల మీద బొంతలు వేలాడదీయండి. కొబ్బరి పీచు చాపలు గోడకి కొట్టమని కొందరు చెప్తారు. అవి పై ధ్వనుల్ని కొంత పీలుస్తాయి, కింది గుబగుబని ఏమీ చేయలేవు. మందపాటి పరుపు మూలన నిలబెడితే అంతకన్నా మేలు.

మైక్ ఖరీదైనది కొనొద్దు. చప్పుళ్లున్న ఇంట్లో ఎస్ఎం58 లాంటి డైనమిక్ మైక్ నయం, దూరపు శబ్దాల్ని అంతగా లెక్కచేయదు. దానికైతే బెత్తెడు దూరం, కండెన్సర్ అయితే జానెడు. దగ్గరికి జరిగేకొద్దీ గొంతులో కింది ధ్వని పెరుగుతుంది, ఆ వెచ్చదనమే మీరు అడుగుతున్నది. నోటికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకి పెట్టండి, "ప", "భ", "ఫ"లు తుపాకీలా పేలవు. ల్యాప్‌టాప్ చార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడపండి. చవక ఇన్వర్టర్ మీద అస్సలు రికార్డు చేయొద్దు, ఆ జుయ్ మనే మోత ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ పూర్తిగా పోదు. ఒకసారి అలా ఒక పూటంతా పాడింది పారేశాను.

గిటార్ గురించి ఒక మాట. మన ఉప్పు గాలికి, తేమకి చెక్క ఉబ్బి తీగలు ఎత్తు లేస్తాయి, తీగలు నెలలోనే తుప్పు పడతాయి. పెట్టెలో సిలికా జెల్ సంచులు వేసి మూసి ఉంచండి. రికార్డింగ్ రోజున కొత్త తీగలు వేయొద్దు, గలగలమంటాయి. ఐదారు రోజులు వాయించి మెత్తబడ్డాక మొదలుపెట్టండి.

పాడుతూనే వాయించండి. గిటార్ ముందు, గొంతు తర్వాత అని విడదీస్తే శుభ్రంగా ఉంటుంది గానీ, మీరు ఊపిరి తీసుకునే చోట గిటార్ ఆగడం అనేది పోతుంది. ఫోన్ రికార్డింగులో నాకు నచ్చింది అదే. ముగ్గురూ ఒకే గదిలో కూర్చుని, క్లిక్ (చెవిలో తాళం కొట్టే టిక్కు) లేకుండా, పాటకి నాలుగైదు టేక్‌లు. ఐదోది కూడా రాకపోతే ఆ రోజు ఆ పాట వదిలేయండి.

మిక్సింగ్‌లో చేయాల్సింది తక్కువ. రీవర్బ్ చిన్న గదిది, ఉందో లేదో తెలియనంత. పిచ్ కరెక్షన్ పూర్తిగా ఆపండి. అది మీ బ్లూ గాంధారాన్ని తప్పనుకుని పక్క మెట్టు మీదికి లాగేస్తుంది. స్టూడియో వెర్షన్‌లో "వానొచ్చే" దగ్గర జరిగింది అదే. మాస్టరింగ్‌లో శబ్దం పిండి పెంచొద్దు. స్పాటిఫై లాంటివి ఎలాగూ దాదాపు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (శబ్దం ఎంత గట్టిగా వినపడుతుందో కొలిచే కొలత) దగ్గరికి సమం చేసేస్తాయి.

తొమ్మిదీ పెట్టక్కర్లేదు. రెండు, ఐదు ఒకే నడక, ఒకే కార్డులు, ఒకటి తీసేయండి. అన్నీ నాలుగు మాత్రలే ఉన్నాయి, ఎనిమిదో పాట తిశ్రంలో వాల్ట్జ్‌లా ప్రయత్నించండి. ముప్పై ఐదు నిమిషాలొస్తే చాలు.

హక్కుల విషయం రెండు ముక్కల్లో. సాహిత్యం, స్వరం మీవి, కాబట్టి మీ జీవితకాలం, ఆ పైన 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. రికార్డింగ్ హక్కు వేరే, విడుదలైనప్పటి నుంచి 60 ఏళ్లు. వాయించినవాళ్లకి డబ్బిచ్చినప్పుడే చిన్న కాగితం మీద సంతకం తీసుకోండి, స్నేహితులైనా సరే. విడుదలకి ముందు ఐపీఆర్‌ఎస్‌లో (పాట రాసి, కట్టినవాళ్ల తరఫున రాయల్టీ వసూలు చేసే సంఘం) సభ్యత్వం తీసుకుంటే పాట బయట ఎక్కడ మోగినా రాయల్టీకి దారి ఉంటుంది. ఆ స్టూడియో వాళ్ల దగ్గర మీ రెండు పాటల ఫైళ్లు ఉంటే వెనక్కి అడిగి తెచ్చుకోండి, వాడకపోయినా.

ఈ వారం మాత్రం మైక్ జోలికి పోవద్దు. నాలుగో పాట పంక్తుల చివర్లు తిప్పి రాయండి, శ్రుతి రెండు మెట్లు దించి, అదే ఫోన్‌లో, అదే గదిలో పాడి పెట్టండి. ఫ్యాన్ మాత్రం ఆపండి, పోయినసారి దాని కిర్రు మూడో చరణం దాకా తాళం వేసింది.